కార్సి ఆకు

చెరకు కట్టలోంచి వేలాడుతున్న ఆ ఆకుని చూసి మొదట నేను నమ్మలేదు. ఎండకి అలా కనిపిస్తోందేమోనని చెయ్యి అడ్డం పెట్టి చూశాను. పచ్చటి ఆకు మీద, ఈనెకి అటూ ఇటూ, లేత రంగు చారలు తెగి తెగి ఉన్నాయి. మొజాయిక్. చెరకుకి వైరస్ వల్ల వచ్చే తెగులు. నాలుగేళ్లుగా నేను చూస్తున్న చారలే, వాటిని గుర్తుపట్టడానికి నాకు కళ్లజోడు కూడా అక్కర్లేదు. కానీ ఈ చెరకు మీద అవి ఉండకూడదు. ఈ చెరకుకి ఆ రోగం రాదని కాగితం మీద సంతకం పెట్టినదాన్ని నేనే.

1997 ఫిబ్రవరి. చోడవరం దాటి బుచ్చయ్యపేట వెళ్లే రోడ్డు పక్కన గణపతిరావు గారి కళ్లం. ఆ రోజు అక్కడ పెళ్లివారిల్లులా ఉంది. పదిహేను ఎడ్లబళ్లు వరసగా ఆగి ఉన్నాయి. మనుషులు చెరకుని మూడేసి కళ్ల ముక్కలుగా నరుకుతున్నారు. ఆ ముక్కల్నే ముచ్చెలంటారు. వాటిని పాతితే కొత్త తోట వస్తుంది. రోగం రాని కొత్త రకం ముచ్చెలు ఇస్తున్నారని చుట్టుపక్కల రైతులంతా వచ్చారు. గణపతిరావు గారు పనిగట్టుకుని మాడుగులకి మనిషిని పంపి హల్వా తెప్పించి, అందరి చేతుల్లోనూ పెడుతున్నారు. నా చేతిలోనూ కొంచెం పెట్టారు. అది పట్టుకునే నేను ఆ ఆకుని చూశాను.

నా పేరు షబ్నమ్. అనకాపల్లిలో పుట్టి పెరిగాను. మా నాన్న అబ్దుల్ రజాక్‌కి బజార్లో టైలరు షాపు. ఎమ్మెస్సీ అయ్యాక విశాఖలో ఓ చిన్న ప్రాజెక్టు ల్యాబ్‌లో చేరాను. మా బాస్ కలకత్తా మనిషి, తెలుగు ముక్క రాదు. ఇంటర్వ్యూలో ఆయన నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న, చెరకు రైతులతో నువ్వు మాట్లాడగలవా అని. చెరకు బళ్ల వెనక నడుచుకుంటూ స్కూలుకి వెళ్లినదాన్ని సార్ అన్నాను. ఆయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. బళ్ల వెనక నడవడం వేరు, పొలంలో నడవడం వేరని మా ఇద్దరికీ తట్టలేదు.

ల్యాబ్‌లో మా పని చెప్పడం సులువే. కాలవ గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే రెల్లు ఉంది చూశారా, అది చెరకుకి అడవి చుట్టం. దానికి మొజాయిక్ రాదు. రెల్లులో ఉన్న ఆ గుణాన్ని చెరకులోకి తేవాలని రెండింటినీ సంకరం చేసి, వందల పిల్లల్ని పుట్టించి, ఒక్కోదానికీ నంబరు పెట్టారు. వాటి డీఎన్ఏ తీసి జెల్ మీద పరిగెత్తిస్తే గీతలు వస్తాయి. రెల్లులో ఉండే ఓ గీత నలభై ఏడో నంబరులోనూ కనపడింది. ఆ గీత ఉన్నచోటే రోగాన్ని ఆపే జన్యువు ఉందని మా ఆశ. అది రుజువు కావాలంటే నలభై ఏడుని రోగాలున్న ఊళ్లో, రైతు పొలంలో పెంచి రెండేళ్లు చూడాలి. మొదటి ఏడు నాటిన పంట నుంచి ఆకులు తియ్యాలి. దాన్ని నరికేశాక అవే మోళ్లు మళ్లీ చిగురేసి రెండో పంట ఇస్తాయి. దాన్నుంచీ తియ్యాలి. నాటిన ఏడు దాక్కున్న వైరస్ ఆ రెండో పంటలో తల ఎత్తుతుంది. అందుకే అసలు పరీక్ష అదే. దాన్ని ఇంగ్లీషులో రటూన్ అంటారు. ఆ మాట నేను రిపోర్టుల్లో వెయ్యిసార్లు రాసి ఉంటాను.

రెండేళ్లూ పరీక్ష చేశాం. ఒక్క ఆకులోనూ వైరస్ దొరకలేదు.

"ఈ చెరకు ఎక్కడిదండి?" అని అడిగాను.

"మనదే కదమ్మా, నలభై ఏడే," అన్నారు గణపతిరావు గారు. యాభై దాటిన మనిషి. నన్ను ఎప్పుడూ షబ్నమమ్మ గారనే పిలుస్తారు, నా పేరుకి ఓ అమ్మని తగిలిస్తే తప్ప ఆయనకి మర్యాదగా ఉండదు. "ఇంతమంది వచ్చేరు కదా, మొక్కలోది సాల్లేదు. కార్సిలోది కూడా కొట్టిస్తన్నాను. మామూలుగా కార్సి ముచ్చిలు ఎవులూ ఎయ్యరు. దీనికి రోగం రాదని మీరు సెప్పేరు కదాని."

కార్సి. ఆ మాట ఎక్కడో చూశాను. ఎక్కడో గుర్తు రాలేదు.

"కార్సి అంటే?"

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. గణపతిరావు గారు నవ్వలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "కొత్తగా పాతి పెంచిన తోటని మొక్క అంటామండి. దాన్ని నరికేసేక మోడు మళ్లీ సిగురేస్తాది కదా, అది కార్సి. ఇదిగో, రోడ్డుకి ఇవతలది మొక్క. మీకు ఎప్పుడూ సూపించేది ఇదే. ఆ వెనకాలది కార్సి. కార్సన్నాక కొంచెం పాలిపోయుంటాది, సూడ్డానికి బాగోదని అటు తీసుకెల్లలేదు."

నా చేతిలో హల్వా అలాగే ఉండిపోయింది. మొక్క అంటే నాకు మొక్కే. గులాబి మొక్క, తులసి మొక్క, ఏదైనా మొక్క. ఇక్కడ ఆ మాటకి ఇంకో అర్థం ఉందని నాకు ఇరవై ఆరేళ్లు వచ్చాక, పదిహేను బళ్ల మధ్య నిలబడి ఉండగా తెలిసింది.

ఆకులు తీసే పని గణపతిరావు గారి కోడలు సంధ్యారాణిది. పదో క్లాసు పాసైంది. ఆ పిల్ల చేతి పనికి మా ల్యాబ్‌లో పేరుంది. ప్రతి ఆకుకీ వేరే కవరు, ప్రతి కవరు మీదా తేదీ, నంబరు. అన్నీ థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి సర్ది, మాడుగుల నుంచి విశాఖ వచ్చే బస్సు డ్రైవరుకి ఇచ్చేది. నేను విశాఖ బస్సు కాంప్లెక్సులో అందుకునేదాన్ని. మొదటి ఏడు మొక్క తోట ఒక్కటే ఉంది కాబట్టి గొడవ లేదు. రెండో ఏడు పాత తోట కార్సి అయింది, దాని ముచ్చెలతో పక్కన కొత్త మొక్క తోట వేశారు. అది నాకు ఎవరూ దాచలేదు. నేనే అటు వెళ్లలేదు. ఆ ఏడంతా నేను వచ్చింది రెండే రెండుసార్లు. గణపతిరావు గారి భార్య అచ్చియ్యమ్మ గారు పెట్టిన భోజనం చెయ్యడం, రోడ్డు పక్కన తోట చూడ్డం, నాలుగింటి బస్సెక్కడం.

"సంధ్యా, పోయిన సెప్టెంబరులో ఆకులు ఎక్కడినుంచి తీశావు?"

"మొక్కలోంచేనండి. అలాగే తియ్యమన్నారు కదా మీరు."

లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోంచి కాగితం తీసి ఇచ్చింది. నా దస్తూరీ. "పోయినేడు లాగే మొక్కలోంచే మూడో ఆకు తియ్యాలి. వేరేది వద్దు." పోయినేడు ఏ మొక్కల నుంచి తీశావో ఈ ఏడూ వాటినుంచే తియ్యి అని నా ఉద్దేశం. అవే మోళ్లు, అవే దుబ్బులు. ఆ పిల్ల చదివింది చదివినట్టే చేసింది. మొక్క తోటలోంచే తీసింది, కార్సి జోలికి పోలేదు. వేరేది వద్దన్నాను కదా.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అంతమంది ముందు ఆ పిల్ల మీద అరిచాను. "రెండు తోటలుంటే ఒకదాంట్లోంచే తీసి ఊరుకుంటారా? చదువుకున్నదానివి కదా, అనుమానం వస్తే అడగాలని తెలీదా?"

సంధ్యారాణి నా మొహంలోకి చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది. నోరు తెరిచి, అత్తగారి వైపు చూసి, మూసుకుంది.

నాలుగు రోజులు ముచ్చెలు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. ఎందుకని గణపతిరావు గారు అడగలేదు. బళ్లన్నీ ఖాళీగా వెనక్కి తిరిగాయి. పక్క ఊరి పెదబాబు మాత్రం నన్ను నిలేశాడు. అతను అందరికన్నా ముందే తొందరపడి వారం కిందటే ముచ్చెలు పట్టుకెళ్లి ఎకరం పాతేశాడట. "నా సంగతేటి మేడమ్?" అన్నాడు. వస్తాను, వచ్చి చెబుతాను అన్నాను. కార్సి ఆకులు నలభై కోసుకుని బస్సెక్కాను. గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్ల వెనక బస్సు పాక్కుంటూ పోతుంటే, ఆ బళ్లలో ఉన్న ఆకుల్ని కూడా చూస్తూ కూర్చున్నాను.

మా పరీక్షకి ఓ ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది. అందులో తొంభై ఆరు బుల్లి గిన్నెలు. ఆకు రసం పోసి, మందులు కలిపి, చివర్న ఓ అరగంట వదిలేస్తే, వైరస్ ఉన్న గిన్నెలో నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. లేకపోతే మామూలు నీళ్లలాగే ఉంటాయి. మూడో రోజు మధ్యాహ్నం పళ్లెం తీశాను. ముప్పై ఎనిమిది గిన్నెలు పసుపు. మిగతా రెండూ కూడా పసుపేనని చెప్పొచ్చు, కాస్త లేతగా ఉన్నాయి, అంతే. జెల్ మీద రెల్లు గీత మాత్రం నలభైలోనూ నిక్షేపంలా ఉంది. ఆ గీతకీ రోగానికీ సంబంధం లేదు. రెండేళ్లు మేం పూజించిన గీత అది. కుర్చీలో కూలబడ్డాను. కోపం కూడా రాలేదు.

బాస్ వచ్చి పళ్లెం చూశాడు. తర్వాత రైతులకి ఓ ఉత్తరం టైపు చెయ్యమన్నాడు. ఇంగ్లీషులో ఆయన చెప్పాడు, తెలుగులో నేను టైపు చేశాను. శాంపిళ్లు తియ్యడంలో పొలం సహాయకురాలి పొరపాటు వల్ల తప్పుడు ఫలితం వచ్చిందని, నలభై ఏడో నంబరు తోటలన్నీ పీకి తగలబెట్టాలని. ఆ పొలం సహాయకురాలికి ఓ పేరుంది. పేరు రాయక్కర్లేదు, చుట్టుపక్కల అందరికీ తెలుసు.

సంధ్యారాణికి నేను ఏం రాసి పంపానో ఆయనకి చూపిద్దామని, దాని నకలు ఉన్న నోట్‌బుక్ తెరిచాను. మా ల్యాబ్‌లో ఓ పద్ధతి ఉంది. పెట్టెలో వచ్చిన ప్రతి కాగితాన్నీ, ఐసు షాపు చీటీతో సహా, ఆ రోజు పేజీలో అంటించాలి. సెప్టెంబరు పేజీ తిప్పాను. పెట్టె చేరిన తేదీ కింద రూళ్ల పుస్తకంలోంచి చింపిన చిన్న చీటీ, నా చేత్తో అంటించిందే. గుండ్రటి అక్షరాలు.

"మేడమ్ గారికి నమస్కారం. కార్సిలో ఆకుల మీద తెల్ల చారలు ఉన్నాయండి. అవి కూడా తీసి పంపమంటారా? మీరు ఒద్దన్నారని తియ్యలేదు. జవాబు రాయగలరు. సంధ్యారాణి."

అప్పుడు గుర్తొచ్చింది ఆ మాట ఎక్కడ చూశానో.

ఆ రోజు పెట్టె విప్పుతుంటే బాస్ పక్కనే ఉన్నాడు. చీటీ చూసి, ఏమిటది అని అడిగాడు. నేను చదివాను. కార్సి అంటే ఏంటో తెలియలేదు. ఏదో కలుపు మొక్కేమో అనుకున్నాను. కార్సిలో అంటే ఫలానా ఊరిలో అనేమో అని కూడా అనుకున్నాను. తెలియదు సార్ అనొచ్చు. లోకల్ అమ్మాయినని ఉద్యోగం తెచ్చుకుని, పదో క్లాసు పిల్ల రాసిన తెలుగు మాట తెలియదని చెప్పడానికి మొహం చెల్లలేదు. "ఏం లేదు సార్, ఊళ్లో పండక్కి రమ్మని పిలుస్తోంది," అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. నేను గమ్ము రాసి అంటించాను. తర్వాత ఎవరినైనా అడుగుదాం అనుకున్నాను. అడగలేదు. అంతే, ఇంకేం లేదు. ఐదు నెలలు.

పేజీ చింపడం ఎంతసేపు? గమ్ము ఎండిపోయి చీటీ ఓ మూల లేచే ఉంది. దాని గురించి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. రాసిన పిల్లకి కూడా అది చేరిందో లేదో తెలియదు. ఉత్తరం టైపు అయిపోయి ఉంది, బాస్ సంతకం కూడా అయింది. ఆ మూల పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మంచిదాన్నని చెప్పుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. కూర్చున్నాను, చింపుదామనే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న ఉత్తరమూ, నోట్‌బుక్కూ రెండూ సంచిలో వేసుకుని చోడవరం బస్సెక్కాను. ఏది తియ్యాలో అప్పటికీ తెలియదు.

కళ్లంలో పాతికమంది దాకా ఉన్నారు. బళ్లు మాత్రం లేవు. గణపతిరావు గారు నన్ను ఏమీ అడక్కుండానే వెనక కార్సి తోట పీకించడం మొదలుపెట్టేశారు. సగం అయిపోయింది. ఆ సగంలో మోళ్లు బోర్లా పడి, వేళ్లు ఎండకి ఆరుతున్నాయి. సంధ్యారాణి చీర చెంగు నడుముకి దోపుకుని, కూలీ మనుషులతో పాటు గడ్డలు లాగుతోంది. నన్ను చూసి వచ్చి, దూరంగా గోడ దగ్గర నిలబడింది. ప్రతిసారీ నాకు మంచినీళ్లు తెచ్చేది ఆమే. ఆ రోజు అచ్చియ్యమ్మ గారు తెచ్చారు.

"రోగం ఉంది," అన్నాను. "మొత్తం ఉంది. మొక్క తోట కూడా తీసెయ్యాలి, దాంట్లో కూడా దాక్కుని ఉంటుంది. పెదబాబు గారు వేసింది కూడా."

గణపతిరావు గారు తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు. ఆయన తన మాట మీద ఎన్ని ఊళ్లవాళ్లని పిలిచారో నాకు తెలుసు.

పెదబాబు లేచాడు. "ఆడగుంటల సేతికి ఇలాటి పన్లు ఒగ్గెయ్యడవేటి బావా? మేడమ్ గారు ఆ రోజే అన్నారు కదా, అనుమానం వస్తే అడగాలని. అడగడానికి దానికి నోరు రాలేదా? నా ఎకరం పోయింది. ఇంకా ఎంతమందివి పోవలిసినియ్యో."

"నిజవే," అన్నారు గణపతిరావు గారు నెమ్మదిగా. "మా కోడలు సరిగ్గా సూసుకోనేదు. తప్పు మా ఇంటిదే. నీ ఎకరం నానే పీకిస్తాను, నానే మళ్లీ ఏయిస్తాను."

సంధ్యారాణి తల వంచుకుని మట్టి చేతుల్ని చూసుకుంటోంది. ఏడవడం లేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

నా సంచిలో ఉత్తరం పైన ఉంది. తీసి చదివితే చాలు, అక్కడ అందరూ అప్పటికే నమ్ముతున్నదే అందులో ఉంది. చెయ్యి దాని మీదే పడింది కూడా. దాన్ని పక్కకి తోసి, కింద ఉన్న నోట్‌బుక్ తీశాను. సెప్టెంబరు పేజీ తెరిచాను. గ్లాసులో నీళ్లు తాగి మొదలుపెట్టాను. ఎవరు రాశారో, ఏ తేదీన వచ్చిందో చెప్పి, చీటీ మొత్తం చదివాను. కార్సి అన్న మాట దగ్గర ఆగాను. "ఈ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి, మా పెద్దసారుతో అబద్ధం చెప్పాను. అప్పుడే అడిగి ఉంటే సెప్టెంబరులోనే తెలిసిపోయేది. ఒక్క ముచ్చె కూడా ఈ కళ్లం దాటేది కాదు. ఈ పిల్ల అడిగింది. నేనే జవాబు రాయలేదు."

పెదబాబు నా చేతిలోంచి పుస్తకం లాక్కుని తను చదివాడు. కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని, చివరిదాకా. చదివి గణపతిరావు గారికి ఇచ్చాడు. ఆయన చదవలేదు. కోడలి అక్షరాల్ని అలా చూస్తూ ఉండిపోయారు. నా వైపు మాత్రం చూడలేదు. ఆ ఇంట్లో నన్ను షబ్నమమ్మ గారని పిలవడం అయిపోయిందని నాకు తెలిసిపోయింది. నన్ను తిడతారని చూశాను. కొట్టినా పడేదాన్ని.

సంధ్యారాణి గోడ దగ్గర్నుంచి వచ్చింది. మామగారి చేతిలో పుస్తకంలోకి తొంగి చూసింది. తన చీటీ, గమ్ముతో అంటించి, పక్కన నా చేత్తో తేదీ వేసి, భద్రంగా ఉంది. ఆమె మొహంలో కోపం కనపడుతుందని ఎదురు చూశాను. కోపం కాదు. నాలుగు రోజుల కిందట ఆ ఆకుని చూసినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో, ఇప్పుడు ఆమెది అలా ఉంది.

"అయితే ఇది అందిందాండీ," అంది. "బస్సులో ఎక్కడో పడిపోయుంటాదనుకున్నాను. అందుంటే మీరు జవాబు రాసేవోరు కదా అని."